బాపుతో సికింద్రాబాద్ స్టేషన్‌కు: మూడు రోజులు

నిన్న రాత్రి పదకొండు దాటాక కాజీపేటలో దిగాం. బ్యాగులోని తడి బట్టలు ఇంకా బయటికి తీయలేదు. బాపు నిద్ర లేవకముందే రాసి పెట్టుకుందామని కూర్చున్నాను.

మా బాపు ముప్పై ఆరేళ్లు రైల్వేలో పనిచేశాడు. మొదట పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్, తర్వాత రోజూ నడుస్తూ పట్టాల బిగింపులు చూసుకునే కీమన్. 1979లో ఉద్యోగానికి మెడికల్ టెస్టు లాలాగూడ రైల్వే దవాఖానలో అని కాగితం వస్తే, ముందు రోజు రాత్రే సికింద్రాబాద్ చేరి ఒకటో నంబర్ ప్లాట్‌ఫాం మీద పడుకున్నాడట. పక్కనే ఇంకొక పిలగాడు, అదే టెస్టుకు వచ్చినవాడు. ఇద్దరివీ ఘన్‌పూర్ దగ్గరి ఊళ్లేనని మాటల్లో తెలిసింది. తువ్వాల ఒకటే ఉంటే ఇద్దరూ కప్పుకున్నారు. పొద్దున ఇద్దరూ పాసయ్యారు. బాపుకు కాజీపేట వైపు, ఆయనకు సికింద్రాబాద్ వైపు డ్యూటీ పడింది. ఆయన్ని మేం మెట్టుగూడ కాక అంటాం. మా పెళ్లిళ్లు, పేరంటాలు ఏవీ ఆయన లేకుండా జరగలేదు.

ఈ ఏడు, 2025 మొదట్లో సికింద్రాబాద్ స్టేషన్ ముందు భాగాన్ని కూల్చేశారని ఫోన్లో ఫొటోలు వచ్చాయి. బాపు వాటిని చాలాసేపు చూసి, ఏమీ అనకుండా ఫోన్ నా చేతిలో పెట్టాడు. వానాకాలం మొదలయ్యాక కాకకు మోకాలి ఆపరేషన్ అయింది. "పండుగలోపు ఒకసారి చూసొద్దాం బిడ్డా" అన్నాడు బాపు. కాకనా, స్టేషన్‌నా అని నేను అడగలేదు.

సెప్టెంబర్ 26, శుక్రవారం: కాజీపేట నుంచి

ఎక్స్‌ప్రెస్‌లో పోదామంటే బాపు వినలేదు. ప్యాసింజర్ అయితేనే అన్ని స్టేషన్లూ చూసుకుంటూ పోవచ్చన్నాడు. దాన్ని మా దిక్కు ఇప్పటికీ పుష్‌పుల్ అనే అంటారు.

కాజీపేట సంగతి కొత్తవాళ్లకు కొంచెం చెప్పాలి. సికింద్రాబాద్ నుంచి వరంగల్‌కు పట్టాలు 1886లో వచ్చాయి, నిజాం కాలంలో. అటు బల్లార్షా లైన్ 1929 నాటికి కలిశాక కాజీపేట మూడు దారుల కూడలి అయింది. అందుకే ఇక్కడ ఒక చిక్కు ఉంటుంది. ఢిల్లీ నుంచి హైదరాబాద్ పోయే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కాజీపేటలో ఆగుతుంది, వరంగల్ ముఖం చూడదు. ఢిల్లీ నుంచి చెన్నై పోయే తమిళనాడు ఎక్స్‌ప్రెస్ వరంగల్‌లో ఆగుతుంది, కాజీపేటలో ఆగదు. రెండు స్టేషన్ల మధ్య పది కిలోమీటర్లు. ఈ తేడా తెలియక ఆటోలో ఉరుకులు పెట్టినవాళ్లను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను.

బాపు తరానికి కాజీపేట అంటే ఇంకో ఆశ కూడా. 1980లలో ఇక్కడికి కోచ్ ఫ్యాక్టరీ వస్తుందన్నారు, అది పంజాబ్‌లోని కపుర్తలాకు పోయింది. ఆ తర్వాత నలభై ఏళ్లు మా కాలనీలో ప్రతి ఎన్నికలకూ అదే ముచ్చట. 2023 జులై 8న అయోధ్యాపురం దగ్గర రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన జరిగితే, బాపు ఆ వాన ముసుర్లోనే సైకిల్ మీద పోయి స్థలం చూసొచ్చాడు.

బండిలో సీటు దొరకలేదు. అయితే పుష్‌పుల్‌లో సీటు లేదనే మాట ఉండదు. ముగ్గురు కూర్చునే బల్ల మీద నాలుగో మనిషికి చోటు అడగడం తప్పు కాదు, ఇవ్వకపోతేనే తప్పు. "జర జరుగు తమ్మీ, పెద్దాయన ఉన్నడు" అని ఎవరో అన్నారు, బాపుకు కిటికీ పక్కనే చోటు దొరికింది. నేను గునుగు పూల మూటల మధ్య నిలబడ్డాను. బతుకమ్మ పండుగ కదా, ఘన్‌పూర్, రఘునాథపల్లి, జనగామలో ఆడవాళ్లు తంగేడు, గునుగు కట్టలు కట్టలుగా ఎక్కించారు. పట్నంలో అమ్ముకుని వాపస్ వస్తారట. తడిసిన తంగేడు వాసన డబ్బా అంతా నిండింది.

బయట వాన. బాపు మాట్లాడడం మానేశాడు. కల్వర్టు వచ్చిన ప్రతిసారీ ముఖం కిటికీ చువ్వలకు ఆనించి కిందికి చూస్తున్నాడు. నీళ్లు ఎంత ఎత్తులో ఉన్నాయి, ఎర్రగా వస్తున్నాయా తేటగా వస్తున్నాయా అని. వానాకాలం రాత్రుళ్లు చేతిలో లాంతరుతో పట్టాల వెంట నడిచిన మనిషి ఆయన. "కంకర కింద మట్టి పోతే పైకి ఏం కనబడది బిడ్డా. పట్టా గట్లనే ఉంటది, ఉయ్యాల లెక్క" అన్నాడు. నిరుడు, 2024 సెప్టెంబర్ 1న కేసముద్రం దగ్గర అట్లాగే అయింది. వరదకు కట్ట కోసుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. ఢిల్లీ, చెన్నై బండ్లన్నీ ఆగిపోయాయి. వందల మంది రాత్రింబవళ్లు వానలోనే పనిచేసి లైన్ నిలబెట్టారు. ఆ రోజుల్లో బాపు ఇంట్లో అన్నం సరిగ్గా తినలేదు. రిటైరై తొమ్మిదేళ్లయినా, తన ముఠా అక్కడ ఉంటే తాను ఇంట్లో ఉన్నాననే బాధ.

పెంబర్తి దాటాక ఆకలేసింది. అమ్మ కట్టిచ్చిన సర్వప్పిండి తీశాను. వరంగల్ దిక్కు ప్రయాణమంటే సర్వప్పిండే, రెండు రోజులైనా చెడిపోదు. నువ్వులు, పల్లీలు పంటికి తగులుతుంటే ఆ రుచే వేరు. ఎదురుగా కూర్చున్న పెద్దమ్మకు సగం ముక్క ఇస్తే, ఆమె "ఏ ఊరు మీది?" అని మొదలుపెట్టి, ఆలేరు వచ్చేలోపు మా అమ్మమ్మగారి ఊళ్లో తన ఆడబిడ్డ ఇంటిదాకా చుట్టరికం కలిపేసింది. దిగేటప్పుడు బుట్టలోంచి నాలుగు సీతాఫలాలు నా ఒడిలో వేసింది. డబ్బులు ఇవ్వబోతే చేయి తోసేసింది. "తొలి కాపు, రెండు రోజులు బియ్యంల పెట్టు" అంది.

భువనగిరి గుట్ట మబ్బులో సగమే కనిపించింది. కోట గోడ అస్సలు కనబడలేదు. మౌలాలి గుట్ట దాటాక జనం లేచి మూటలు సర్దుకోవడం మొదలుపెట్టారు.

ఇక్కడ తప్పు నాదే. ఏ ప్లాట్‌ఫాం మీద దిగామో చూడకుండా, జనం పోతున్న వైపే వంతెన ఎక్కి దిగేశాను. బయటికొస్తే బోయిగూడ వైపు, పదో నంబర్ దగ్గర ఉన్నాం. కాక కొడుకు అటు ఒకటో నంబర్ దగ్గర నిలబడ్డాడు. మధ్యలో పది ప్లాట్‌ఫాంలు, వాన, పనులు జరుగుతున్న చోట రేకులు. బాపు చుట్టూ చూసి "గిదేం స్టేషన్ బిడ్డా?" అని అడిగాడు. నాకు గుండె కలుక్కుమంది. నలభై ఆరేళ్లుగా వస్తూ పోతూ ఉన్న మనిషి. మళ్లీ వంతెన ఎక్కి అటు పోవడానికి ముప్పావు గంట పట్టింది. మెట్లు ఎక్కేటప్పుడు ఒక కాలేజీ పిల్ల మా బ్యాగు అడక్కుండానే అందుకుని, పైదాకా తెచ్చిచ్చి, థాంక్స్ చెప్పేలోపే పోయింది.

సెప్టెంబర్ 27, శనివారం: సికింద్రాబాద్

పొద్దున టీవీ పెడితే మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండ్ లోపలికి నీళ్లొచ్చాయని చూపిస్తున్నారు. పండుగకు ఊళ్లకు బయల్దేరినవాళ్లు రాత్రి అక్కడ చిక్కుకుపోయారు. కాక భార్య, మా చిన్నమ్మ, టీవీ చూస్తూనే మక్క గారెలు వేస్తోంది. లేత కంకులు, పచ్చిమిర్చి, కొంచెం అల్లం. నూనెలోంచి తీసినవి తీసినట్టే మా పళ్లాల్లోకి. నేను ఆరు తిన్నాను. బాపు లెక్కపెట్టలేదు.

కాక కర్ర పట్టుకుని ఇల్లంతా తిరుగుతున్నాడు. "స్టేషన్ దాకా పోదాం తియ్" అన్నాడు. చిన్నమ్మ వద్దంది, కొడుకు వద్దన్నాడు. ఇద్దరు ముసలివాళ్లూ చెప్పులేసుకుని గడప దగ్గర నిలబడ్డారు. ఇక చేసేదేముంది, ఆటో పిలిచాను. అరవై రూపాయలు.

రేతిఫైల్ బస్టాండ్ దగ్గర దిగి చూస్తే, ఎప్పుడూ కంటికి ఎదురుగా ఉండే కోటలాంటి ముందు భాగం లేదు. ఆ చోట క్రేన్లు, కాంక్రీటు స్తంభాలు, పసుపు టోపీల మనుషులు. 1874లో వాడి నుంచి మొదటి బండి వచ్చిన చోటు ఇది. ఇప్పుడు దాదాపు 700 కోట్ల రూపాయలతో కొత్త స్టేషన్ కడుతున్నారు. 2023 ఏప్రిల్ 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. జనం పెరిగారు, కొత్తది కావాలి, అది నాకూ తెలుసు. కానీ మా ఇళ్లలో ఎవరి పెళ్లి ఫొటోలు చూసినా, మొదటిసారి పట్నం వచ్చినప్పటి ఫొటో అంటూ వెనకాల ఆ కట్టడమే ఉంటుంది. నాకు ఆరేళ్లప్పుడు బాపు భుజం మీద కూర్చుని దిగిన ఫొటోలోనూ అదే. ఒక్క గోడైనా ఉంచితే బాగుండేదని అక్కడ నిలబడ్డంతసేపూ అనిపించింది.

పది రూపాయల ప్లాట్‌ఫాం టికెట్లు మూడు తీసుకుని లోపలికి పోయాం. వాళ్లిద్దరూ వెతుకుతున్నది ఆ రాత్రి పడుకున్న బల్ల చోటు. బల్ల ఎప్పుడో పోయి ఉంటుందని ఇద్దరికీ తెలుసు. చోటు ఎక్కడన్నదే పట్టింపు. బాపు నల్లా పక్కన అన్నాడు. కాక కాదు, తూకం యంత్రం దగ్గర అన్నాడు. "నల్లా నీళ్లు మీద పడ్డయని నువ్వే కదా లేచినవ్?" "లేచింది నేను గాదు, నువ్వు!" ఇద్దరి గొంతులూ పెరిగాయి. బండ్ల కోసం కూర్చున్న జనం చూస్తున్నారు. ఆపుదామనుకుని ఆగిపోయాను. వాళ్లను అంత హుషారుగా చూసి చాలా రోజులైంది.

ఆ గొడవ వింటూ నారింజ రంగు కోటు వేసుకున్న ట్రాక్‌మన్ ఒకతను దగ్గరికొచ్చాడు. పాతికేళ్లు ఉంటాయేమో. మాటను బట్టి మహబూబాబాద్ దిక్కు మనిషి. వీళ్లు పాత గ్యాంగ్‌మన్లని తెలియగానే "కూసోండ్రి పెద్దనాయిన" అని చోటు చూపించాడు. ఇక బల్ల సంగతి మరిచారు. ఇప్పుడు బీటు (ఒకరు నడిచి చూసుకునే పట్టాల మేర) ఎంత దూరం, ఫోన్ ఇచ్చారా, బండి వస్తోందని ముందుగా ఎట్లా తెలుస్తుంది, రాత్రి పెట్రోలింగ్‌కు ఒక్కరే పోతున్నారా ఇద్దరా, ఒకటే ప్రశ్నలు. బాపు అతని చేయి పట్టుకుని అరచేయి తిప్పి చూశాడు. సుత్తి పట్టిన కాయలు. తన చేయి పక్కన పెట్టి చూపించాడు. పదేళ్లయినా బాపు కాయలు పూర్తిగా పోలేదు.

"వంపు మీద నడిచేటప్పుడు వెనక్కి చూడుడు మరువకు" అని కాక చెప్పాడు. ఆ పిల్లాడు తలూపాడు. ఆ మాట వెనక ఎవరు ఉన్నారో నాకు తెలుసు. వాళ్ల ముఠాలో ఒకాయన అట్లాగే పోయాడు, నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు. ఆ రోజు బాపు ఇంటికొచ్చి స్నానం చేసి, గోడకు ఆనుకుని తెల్లారేదాకా కూర్చున్నాడు.

మేం మాట్లాడుతున్నంతసేపూ పక్కన నేల మీద దుప్పటి పరుచుకుని పరకాల దిక్కు దంపతులు కూర్చుని ఉన్నారు. గాంధీ దవాఖాన నుంచి వస్తున్నారు. ఆమె స్కానింగ్ కవరును చీర కొంగు కింద వాన తగలకుండా దాచుకుంది. బస్సుకు పోదామనుకుని, ఎంజీబీఎస్ సంగతి విని ఇటు వచ్చారట. మా దిక్కు వాళ్లకు ఈ స్టేషన్ అంటే సగం గాంధీ దవాఖానే. పొద్దున బండి దిగడం, దవాఖానకు పోవడం, సాయంత్రం బండికి ఇక్కడే కాచుకోవడం. చుట్టాల ఇళ్లకు పోయి భారం కాకూడదని ఇక్కడే పడుకునేవాళ్లు ఎందరో. సర్వప్పిండి ఇంకా మిగిలి ఉంటే వాళ్లకిచ్చాను. ఆయన సగం తిని, మిగతా సగం కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు, ఇంట్లో మనవడున్నాడని.

బయటికొచ్చి ఎదురుగా ఆల్ఫా హోటల్‌లో ఇరానీ చాయ్ తాగాం. బాపు చాయ్ సాసర్‌లో పోసుకునే తాగుతాడు. కాక ఉస్మానియా బిస్కెట్ మొత్తం ముంచేస్తాడు, అది విరిగి కప్పులో పడితే వేలితో తీసుకుంటాడు. 1979లో మెడికల్ పాసయ్యాక కూడా ఇద్దరూ స్టేషన్ ముందు చాయ్ తాగారట, చెరో సగం. ఏ హోటల్ అన్నదాని మీద మళ్లీ తగువు.

సెప్టెంబర్ 28, ఆదివారం: చర్లపల్లి మీదుగా ఇంటికి

పొద్దున పూల కోసం స్టేషన్ రోడ్డుకు పోయాను. గునుగు కట్ట ముప్పై, తంగేడు చిన్న కట్ట నలభై, బంతిపూలు కిలో నూటిరవై చెప్పారు. అమ్ముతున్న ఆమె రఘునాథపల్లి మనిషి. శుక్రవారం మాతో పాటు బండిలో వచ్చిన ఆమెనా, వేరే ఆమెనా అని ముఖం పట్టిపట్టి చూశాను, పోల్చుకోలేకపోయాను. బేరం ఆడబుద్ధి కాలేదు. రెండు రాత్రులు వానలో పూల మీద పట్టా కప్పి, తాను తడుస్తూ కూర్చున్న మనిషి.

తిరుగు ప్రయాణానికి బాపు మోకాళ్ల కోసమని ఎక్స్‌ప్రెస్‌కే టికెట్ తీసుకున్నాను. నాలుగింటికల్లా సికింద్రాబాద్ స్టేషన్‌లో ఉన్నాం. బోర్డు మీద మా బండి లేదు. టికెట్ తీసి చూస్తే చర్లపల్లి అని స్పష్టంగా రాసి ఉంది. పనుల వల్ల చాలా బండ్లను అటు మార్చారని తెలుసు, అయినా నేను టికెట్ సరిగ్గా చదవలేదు. మా నోటికి పట్నం స్టేషన్ అంటే సికింద్రాబాద్ ఒక్కటే. మా పక్కనే ఇంకో రెండు కుటుంబాలు అదే పొరపాటుతో నిలబడి ఉన్నాయి. టెన్షన్‌తో నా చేతులు వణికాయి. ఆటోకు నాలుగు వందలు అడిగాడు, సరే అన్నాను. తార్నాక దాటేదాకా వాన, ట్రాఫిక్. మేం పోయేసరికి బండి వెళ్లి పదిహేను నిమిషాలైంది.

చర్లపల్లి టెర్మినల్ 2025 జనవరి 6న ప్రారంభమైంది, 413 కోట్లతో కట్టారు. ఎత్తైన అద్దాల ముందు భాగం, ఎస్కలేటర్లు, లిఫ్టులు. నేల అద్దంలా ఉంది. బాపు ఎస్కలేటర్ ఎక్కలేదు, మెట్లే ఎక్కాడు. ప్యాసింజర్ రావడానికి రెండున్నర గంటలు ఉందన్నారు. నేను దిగులుగా కూర్చుంటే ఆయన ప్లాట్‌ఫాం చివరిదాకా నడిచిపోయాడు. చాలాసేపు రాకపోతే వెతుక్కుంటూ పోయాను. చివరన వంగి, కొత్త కంకరను చూస్తున్నాడు. "మంచిగ పోసిండ్రు" అన్నాడు. ఇంకొంచెం సేపు చూసి, "మేం గీడికి వచ్చినప్పుడు చిన్న స్టేషన్. ఒక బల్ల, ఒక గంట. గార్డుకు చాయ్ కూడ దొరకకపోయేది" అన్నాడు. ఇక్కడ మాత్రం ఆయన దేని కోసమూ వెతకలేదు.

ప్యాసింజర్‌లో జనం తలుపుల దాకా. మళ్లీ అదే మాట, "జర జరుగు తమ్మీ". ఉల్లిగడ్డ సమోసాలు ఇరవైకి నాలుగు, బీబీనగర్ దాటేలోపు అమ్మేవాడి బుట్ట ఖాళీ. జనగామ దగ్గర చాలామంది దిగాక బాపు కాళ్లు చాపుకున్నాడు, నిద్రపోయాడనుకున్నాను. పెండ్యాల దాటాక కళ్లు తెరవకుండానే "మా బీటు వచ్చింది" అన్నాడు. బయట చీకటి. కిలోమీటరు రాయి కూడా కనబడడం లేదు. చప్పుడును బట్టి చెప్పాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ తలుపు తీసి, ముందు మమ్మల్ని కాదు, పూలను చూసింది. సంచిలో నలిగిపోయిన తంగేడు. "ఎంతకు కొన్నవే?" నలభై అన్నాను. "మన లైన్ పక్కన గుట్టల పొంటి ఎంతన్న ఉండె కదా" అంటూనే బకెట్లో నీళ్లు పోసి కట్టలు అందులో నిలబెట్టింది. బాపు ఒక్క మాటా అనలేదు. కాకకు ఫోన్ చేసి, చేరుకున్నామని చెప్పి, "నల్లా పక్కననే" అని మాత్రం అని పెట్టేశాడు.

ఇది రాస్తుండగానే లేచాడు. గొడుగు, కొడవలి తీసుకుని పట్టాల దిక్కు పోతున్నాడు, తంగేడు తేవడానికి.